స్త్రీల ధర్మకార్యములు - చక్రవర్తి పతకములు

గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతముల పెద్దలకు బుడ్డా వెంగళరెడ్డిగారి పేరు క్రొత్తది కాదు. నల్లమల కావలిప్రక్కనున్న ఉయ్యాలవాడ ఆయన గ్రామము. 1866వ సంవత్సరపు కరవులో ఆయన తన గాదెలు తెరచి, గంజి కాయించి, వేలకొలది ప్రజల ప్రాణములు నిలిపెను. ఆ వార్త సముద్రములు దాటిపోగా విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకమును పంపెను. రెడ్డిగారి పేరు జనుల పాటలలో నిలిచినది. పతకము మాటయు నిలిచినది. కాని ఆ గంజికి గింజలు దంచినవారెవరు? చెరిగినవారెవరు? తెల్లవారుజామున లేచి పొయ్యిలు రాజవేసినవారెవరు? స్త్రీలే యని వేరుగ చెప్పనక్కరలేదు. వారి పేర్లు మాత్రము మన చెవిని పడుట లేదు.

పతకమిచ్చినది స్త్రీ, అందుకొన్నది పురుషుడు. ధర్మకార్యములు చేసిన స్త్రీలకు ఇట్టి రాజసన్మానములు రాలేదా యని ఎవరైన అడుగవచ్చును. వచ్చినవి. ఎట్టివారికి వచ్చినవో, ఏ త్రోవను వచ్చినవో, అందుకొన్నవారు వానిని ఏమి చేసికొనిరో మనవిచేయుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

అంతకుముందు మన సీమలో స్త్రీల ధర్మమునకు గౌరవమెట్లుండెనో కొంచెము చూడవలెను. కంభము చెరువు మీరందరు చూచినదే. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగ కట్టిన ఆ కట్టను గజపతుల ఆడుపడుచు, శ్రీకృష్ణదేవరాయల పత్ని, వరదరాజమ్మ కట్టించినదని తరతరములుగ చెప్పుకొనుచున్నాము. అనగా అయిదువందల యేండ్లనాటి మాట. పూర్వులు సప్తసంతానములలో చెరువును ఒకటిగ లెక్కించిరి. కడుపున పుట్టిన బిడ్డ పేరు నిలుపునట్లే త్రవ్వించిన చెరువును పేరు నిలుపునని వారి భావము. ఆమెకు ఎవరును పతకము వ్రేలాడదీయలేదు. మడికి నీరు పారినంతకాలము ఆ పేరు రైతు నోట నుండుటయే ఆమెకు బిరుదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారు కంభము చెరువును ప్రపంచ వారసత్వ నీటి కట్టడములలో చేర్చిరి. గౌరవమునకు ఇంత ఆలస్యము పనికిరాదుగాని, చెరువు వేచియుండగలదు. గంజి కుండ వేచియుండదు.

ఇక దొరతనమువారి పతకము సంగతి. 'కైసర్-ఇ-హింద్' అనగా హిందూదేశ చక్రవర్తి. 1877 జనవరి 1వ తేదీన లిట్టను ప్రభువు ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపి విక్టోరియా రాణికి ఈ చక్రవర్తిని బిరుదమును చాటించెను. ఏనుగులు, అంబారీలు, విందులు, బాణసంచా - ఏ లోటును లేదు. ఆ దినములలో మన ప్రాంతమున ఏమి జరుగుచుండెనో తెలియునా? అది ధాత కరవు. కంభము, మార్కాపురము తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1871వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ జిల్లాకు 9 లక్షలకు పైబడిన జనముండిరి. 1881లో లెక్కించునప్పటికి 7 లక్షలకు లోపే మిగిలిరి. చచ్చినవారు కొందరు, దేశము పట్టిపోయినవారు కొందరు. ఒకచోట బిరుదము, ఒకచోట బొమికలు. ఈ రెండును ఒక్క శీతకాలమునందే జరిగినవన్న సంగతి, ఆ బిరుదము పేరు తగిలించుకొన్న పతకమును గూర్చి మాటలాడునప్పుడు మరువరాదు.

మరుసటి సంవత్సరము, 1878లో, స్త్రీలకు మాత్రమే ఉద్దేశించిన 'క్రౌన్ ఆఫ్ ఇండియా' అను ఒక బిరుదము పుట్టినది. దాని గొడవ మనకక్కరలేదు. రాచకన్యలకు, మహారాణులకు, రాజప్రతినిధుల భార్యలకు వారి పుట్టుకను బట్టియు, మగని పదవిని బట్టియు వచ్చునదది. చేసిన పనిని బట్టి వచ్చునది వేరు. 1900వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన విక్టోరియా రాణి 'కైసర్-ఇ-హింద్ పతకము'ను స్థాపించెను. జాతి, వృత్తి, హోదా, స్త్రీపురుష భేదము పాటింపక, హిందూదేశమున ప్రజోపయోగమైన సేవ చేసినవారెవరికైనను ఇయ్యవచ్చునని అందు నిబంధన. కోడిగ్రుడ్డు ఆకారముగ నుండు బిళ్ల. నీలిరంగు పట్టుపట్టీ. పురుషులు ఱొమ్మున తగిలించుకొందురు. స్త్రీలు ఆ పట్టీని ముడివేసి ఎడమ భుజమునొద్ద ధరింతురు. మొదటి తరగతి బంగారము, రెండవది వెండి. కొంతకాలమునకు కంచును చేర్చిరి. నూతన సంవత్సరాదికిని, చక్రవర్తి జన్మదినమునకును గెజిట్టులో పేర్లు ప్రకటించెడువారు.

'స్త్రీపురుష భేదము లేదు' అన్న ఆ ఒక్క మాటచేత ఈ పతకమునకు ఒక విశేషము కలిగినది. తక్కిన బిరుదములు దివానులకు, జమీందారులకు, ఉద్యోగులకు పోవుచుండగా, దీనిని పెక్కుమంది స్త్రీలు పొందిరి. అయినను పేరు చక్రవర్తి కెట్లు తెలియును? కలెక్టరు వ్రాయవలెను. కలెక్టరు వ్రాసినది గవర్నరు చూడవలెను. గవర్నరు చూచినది రాజప్రతినిధికి చేరవలెను. కావున కాగితముపై కనబడు ధర్మమే ముందుగ పోవును. ఆసుపత్రికి రిజిస్టరు కలదు, ఇందరు రోగులని అంకె కలదు. పాఠశాలకు హాజరుపట్టీ కలదు. వేసవిలో చలివేంద్రము పెట్టి బాటసారుల దప్పిక తీర్చిన ముసలమ్మకు ఏ రిజిస్టరు కలదు? పతకము అయోగ్యులకు పోయినదని నేననుట లేదు. యోగ్యులలో కాగితమునకు దగ్గరగ నున్నవారికి పోయినదనుచున్నాను. ఆ కాలమున మన దేశమున ఆసుపత్రులును, బాలికా పాఠశాలలును నడపుచున్న స్త్రీలలో విదేశీయులైన మిషనువారే హెచ్చు. కనుక తెలుగుదేశమున ఈ పతకము ధరించిన స్త్రీలలో మొదట కనబడువారును వారే.

అట్టివారిలో మనకు దగ్గరి పేరు గుంటూరి కుగ్లరు దొరసానిగారు. పూర్తి పేరు అన్నా సారా కుగ్లరు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమువారు. 1856లో జన్మించిరి. స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1879లో పట్టము పొందిరి. లూథరను మిషను తరపున 1883లో గుంటూరు వచ్చిరి. చిత్రమేమనగా, ఆమెను పంపిన సంఘమువారు మొదట వైద్యము కొఱకు పంపలేదు. బాలికల పాఠశాలలు చూచుకొనవలెననిరి. కాని వైద్యురాలు వచ్చినదని తెలిసినపిమ్మట రోగులు ఊరకుందురా? పాఠశాలల పని చూచుకొనుచునే తన యింటిలోనే మందులిచ్చుచు వచ్చిరి. రెండేండ్లకు, 1885లో, సంఘమువారు ఆమెను వైద్యసేవకే నియమించిరి.

ఆ నాటి స్థితి నేటివారికి ఊహకందదు. మగవైద్యునికి చేయి చూపుటకు మన గృహిణులు ఒప్పుకొనరు. ఘోషా యిండ్ల మాట చెప్పనేల? కష్టకాన్పు వచ్చినచో మంత్రసాని చేతనైనది చేయును, చేతకానప్పుడు దైవమే దిక్కు. ఇట్టి యిండ్లకు ఈ దొరసాని పోవుచుండిరి. ఆమె ముట్టినందుకు తలస్నానము చేసిన యిండ్లును కలవు, ఆమెను గడప దాటనీయని యిండ్లును కలవు. ఆమె మరల పిలుపు వచ్చినప్పుడు మరల పోయిరి. తన మతమును ప్రచారము చేయుట కూడ ఆమె ఉద్దేశములలో నొకటి. దానిని ఆమె దాచలేదు. మనవారును ఆ సంగతి తెలిసియే మందు పుచ్చుకొనిరి, మతము మాట వారి యిష్టమునకు విడిచిపెట్టిరి. 1893లో మందుల ఇల్లు, 1897లో ఆసుపత్రి తెరవబడినవి. దాదులకు శిక్షణ యిచ్చుటయు అక్కడ ఆరంభమైనది. తెలుగు పిల్లలు దాదులై, ఇతర గ్రామములకు పోయి కాన్పులు చేయుట ఆ ఆసుపత్రి గోడలకన్న గొప్ప సంగతియని నా తలంపు.

ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారి భార్యకు ఆమె చికిత్స చేసిరి. ఆ కృతజ్ఞతతో రాజాగారు ఆసుపత్రికి ఎదుట రోగుల బంధువులకు సత్రము కట్టించి యిచ్చిరి. హిందూ కుటుంబములవారు తమ యాచారము చెడకుండ అక్కడ వండుకొని తినుచు రోగిని చూచుకొనుటకు అది ఎంతయో ఉపకరించినది. దొరసాని ఆసుపత్రి, రాజుగారి సత్రము - ఒకదానికొకటి ఎదురెదురుగ! గుంతకల్లునుండి గుంటూరు మీదుగ బెజవాడకు పోవు రైలుమార్గము 19వ శతాబ్ది చివర ఏర్పడినది గదా. గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు స్టేషనులు ఆ దారిలోనివే. దోర్నాల, తర్లుపాడు పల్లెలవారికి గూడ బండి కట్టుకొని స్టేషను చేరగలిగినచో గుంటూరు అందుబాటులోనికి వచ్చినది.

ఆమెకు 1905లో కైసర్-ఇ-హింద్ పతకమును, 1917లో ఆ పతకముపై మరియొక పట్టీని దొరతనమువారు ఒసగిరి. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసిరి. నలుబదియేడు సంవత్సరముల సేవ. గుంటూరివారు ఆ ఆసుపత్రిని కుగ్లరు ఆసుపత్రి యనిరి. ఆ పేరు గెజిట్టులో ప్రకటించినది కాదు, జనులు పెట్టినది.

నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు కుష్ఠరోగుల కొఱకు ఆశ్రమము నెలకొల్పిరి. నర్సాగౌడు అను స్థానిక దాత అందుకు ద్రవ్యసహాయము చేసెను. నీరడి విత్తుల జాతికి చెందిన నూనెను సూదిమందుగ నిచ్చి అక్కడ చికిత్స చేసెడివారు. ఊరివారు వెలివేసినవారికి ఊరొకటి కట్టియిచ్చిన పని యది. 1923లో ఆమెకును, ఆమె భర్తకును ఈ పతకము లభించినది.

పతకము మనవారికిని రాకపోలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీనది పొంగి నగరములోనికి వచ్చినది. ప్రాణనష్టము 15,000 వరకు నుండునని అంచనా. ఇండ్లు కూలి వీథిపాలైన కుటుంబములలో ఘోషా స్త్రీలెందరో కలరు. వారియొద్దకు పురుష సేవకులు పోలేరు. అట్టిచోటుల సరోజినీ నాయుడుగారును, అమీనా హైదరీగారును, ఇతర స్త్రీలును పూనుకొని పనిచేసిరి. ఆ సేవకు గుర్తుగ సరోజినీ దేవికిని, హైదరీగారికిని కైసర్-ఇ-హింద్ పతకములు వచ్చినవి. 1919 ఏప్రిలు 13వ తేదీన అమృతసరములో, జలియన్‌వాలాబాగునందు, నిరాయుధులపై తుపాకులు ప్రేల్చిరి. సరోజినీ దేవి తన పతకమును దొరతనమువారికి తిప్పిపంపెను. గాంధిమహాత్ముడు 1915లో వచ్చిన తన బంగారు కైసర్-ఇ-హింద్ పతకమును 1920 ఆగస్టు 1వ తేదీన తిరిగి యిచ్చివేసెను. పతకము తిరిగి పోయినది, వరదలో చేసిన సేవ తిరిగి పోదుగదా. ఇచ్చినవాని చేయి మలినమైనప్పుడు వాని గుర్తును ఒడలిపై నుంచుకొనుట ఆమెకు సహింపరాలేదు. అటులని పతకమును ఉంచుకొన్న కుగ్లరు దొరసాని వంటివారిని తక్కువచేయనక్కరలేదు. ఆ పతకమును చూపి ఆసుపత్రికి నాలుగు మంచములు హెచ్చుగ సంపాదించుట వారికి కావలసియుండవచ్చును.

పతకమును ఉంచుకొన్నవారిని చూచితిమి, తిప్పిపంపినవారిని చూచితిమి. మూడవ తెఱంగువారు ఒకరు కలరు. వారిది కైసర్-ఇ-హింద్ పతకము కాదు, ఎడ్వర్డు చక్రవర్తి పేర వచ్చిన ప్రశంసాపత్రము. ఈ ప్రసంగమునకు అసలు నాయకురాలు ఆమెయే యని నాకు తోచుచున్నది.

డొక్కా సీతమ్మగారు 1841లో గోదావరి సీమలోని మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచేత ఆయనను 'బువ్వన్న' యని పిలిచెడివారట. లంకల గన్నవరము కాపురస్థులైన డొక్కా జోగన్నగారికి ఆమెనిచ్చిరి. లంకలనగా గోదావరి పాయల నడుమ నుండు దీవులు. పడవకై వేచియుండు బాటసారులు, వరదలలో చిక్కినవారు, అంతర్వేది తీర్థమునకు పోవువారు ఆ దారినే పోవలెను. వేళ కానివేళ వచ్చి తలుపు తట్టినవారికి ఆమె వండి వడ్డించెడివారు. కులమేది, ఊరేది యని అడిగెడి అలవాటు లేదు. ఈ క్రమమున దంపతుల ఆస్తి హరించుకుపోయినను పొయ్యి ఆరలేదు.

ఆమెను గూర్చి ఒక కథ ఆ సీమలో ఇంటింట చెప్పుకొందురు. జీవితములో ఒక్కమారైన అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని పల్లకిలో బయలుదేరిరట. దారిలో ఒకచోట ఆగగా, పెండ్లివారి గుంపొకటి ఆకలితో నడచుచు, 'ఇంకెంతసేపు? గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టును' అని పిల్లలను ఊరడించుచుండిరట. ఆ మాట చెవినిపడగనే ఆమె పల్లకిని వెనుకకు మరలించి, వారికన్న ముందుగ ఇల్లు చేరి, పొయ్యి రాజవేసిరట. అన్నము పెట్టుట ఎంతటి కట్టుబాటో ఎఱిగినవారికి ఈ కథ అబద్ధమనిపింపదు. ధర్మసత్రమునకు సెలవుదినము లేదు.

1903 జనవరి 1వ తేదీన ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఢిల్లీలో మరల దర్బారు జరిగినది. ఆ సందర్భముననే సీతమ్మగారికి ప్రశంసాపత్రము వచ్చినది. దర్బారునకు ఆమెను ఆహ్వానింపగా ఆమె పోలేదు. పోయినచో ఇక్కడ వచ్చినవారికి అన్నము పెట్టువారెవరు? అప్పుడు ఆమె ఛాయాపటమునైన పంపవలెనని అధికారులకు ఉత్తరువు వచ్చినదట. ఆమె దానికిని ఒప్పుకొనలేదట. చివరకు అధికారి వచ్చి, పటము పంపకున్న తన ఉద్యోగమునకే ముప్పు వచ్చునని మొరపెట్టుకొనగా, 'నా మూలమున ఒకరి అన్నము పోరాదు' అన్న తలంపుతో ఒప్పుకొనిరని చెప్పుదురు. ఆ పటమును చక్రవర్తి కొలువులో ఆసనముపై నుంచి గౌరవించిరని ప్రతీతి. కథలో కొంత అతిశయోక్తి యుండిన నుండుగాక. ఆ దొరతనమువారు ఆమెకు ఇయ్యగలిగిన గౌరవములో ఆమెకు పనికివచ్చినది ఏదియు లేకపోవుట మాత్రము స్పష్టము. ఆమె తిరస్కరింపనులేదు, ఆశింపనులేదు. ఆమెకు తీరిక లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న కలుగును. కాగితమునకు దగ్గరగ నున్న ధర్మమే పైకి పోవునంటిమి గదా? సీతమ్మగారి వంటయింటికి రిజిస్టరు లేదు. తిన్న అన్నము చెరువువలె నిలిచియుండదు, ఆసుపత్రివలె గోడలు లేవు. మరి ఆమె పేరు చక్రవర్తి కొలువువరకు ఎట్లు పోయినది? తిన్నవారు బాటసారులు. బాటసారి ఊరూర చెప్పును. ఒక దీవిలోని ఇల్లాలి పేరు జిల్లా అంతట మ్రోగినపిమ్మట కలెక్టరు వినకుండ నెట్లుండును? ఆమె రిజిస్టరు జనుల నోరు. బాట ప్రక్కనున్న యిల్లు కాబట్టి ఆ పేరు వ్యాపించినది. బాట లేని పల్లెలో అంతటి ఇల్లాలే యున్నను ఆ పల్లె పొలిమేర దాటి పేరు పోవుట కష్టము. మన పడమటి సీమలో, నల్లమల అంచున, అట్టివారుండిరా యనునది దొరతనమువారి దస్తరములలో వెదకిన దొరకదు. ఊరి బావి గిలకరాతిపైన, గుడి మెట్లపైన, సత్రపు గడపపైన చెక్కిన అక్షరములలోను, ముసలివారి జ్ఞాపకములోను వెదకవలెను. అక్షరములు అరిగిపోవుచున్నవి. ముసలివారును మిగులుట లేదు.

సీతమ్మగారు 1909లో పరమపదించిరి. 1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటతో కైసర్-ఇ-హింద్ పతకము చరిత్రలో కలిసినది. మన రాజ్యాంగము 18వ అధికరణముచేత, సైనిక, విద్యాసంబంధమైనవి తప్ప, బిరుదములనే నిషేధించినది. గన్నవరమున వైనతేయ పాయమీద 19వ శతాబ్ది నడుమ ఒక నీటి వంతెన కట్టియుండిరి. దాని ప్రక్కన క్రొత్తగ కట్టిన వంతెనకు సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజన పథకము' అని నామకరణము చేసిరి. కంభమున, గిద్దలూరున, మార్కాపురమున బడిపిల్లలు తినునదియు ఆ పేరి అన్నమే. బళ్లలో ఆ అన్నము వండు స్త్రీలకు ఇచ్చు సొమ్మును జీతమనరు, గౌరవవేతనమందురు. 2019లో దానిని నెలకు 1,000 రూపాయలనుండి 3,000 రూపాయలకు పెంచిరి.